ఈబీపీఎఫ్ మ్యాప్ అప్‌డేట్ -12 ఎందుకు ఇస్తుంది? మెమరీ ముందే కేటాయించాలా, అప్పటికప్పుడా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. లినక్స్ 6.8 కెర్నెల్ మీద ఒక ఈబీపీఎఫ్ ప్రోగ్రాం (కెర్నెల్ లోపలే శాండ్‌బాక్స్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం) నెట్‌వర్క్ కనెక్షన్లు లెక్కపెడుతోంది. దాని హ్యాష్ మ్యాప్‌లో, అంటే ప్రోగ్రాం తన లెక్కలు దాచుకునే పట్టికలో, కీ 16 బైట్లు, వాల్యూ 32 బైట్లు, గరిష్ఠంగా 10 లక్షల ఎంట్రీలు. మెమరీ ఆదా అవుతుందని బీపీఎఫ్_ఎఫ్_నో_ప్రీఅలాక్ ఫ్లాగ్ పెట్టారు (ఎంట్రీలకు మెమరీ ముందే కాకుండా అప్పటికప్పుడు తీసుకోమని; కింద దీన్ని నో_ప్రీఅలాక్ అంటాను). మిషన్‌లో 20 జీబీ ఖాళీగా ఉన్నా అప్‌డేట్ అప్పుడప్పుడు -12 (మెమరీ దొరకలేదు అనే ఎర్రర్) ఇస్తోంది. ఫ్లాగ్ తీసేయాలా, సీపీయూకి ఒక వాల్యూ చొప్పున ఉంచే పర్-సీపీయూ మ్యాప్‌కి మారాలా, లేక కొత్తగా వచ్చిన ఎరీనా (ప్రోగ్రాం, మామూలు ప్రాసెస్ పంచుకునే మెమరీ ప్రాంతం) వాడాలా?

సూటిగా చెప్పాలంటే: ప్రోగ్రాం ఇంటరప్టులు (సీపీయూని మధ్యలో ఆపి పిలిచే సంకేతాలు) ఆపి ఉంచిన చోట కూడా నడుస్తూ, ఒక్క ఎంట్రీ పోయినా ఒప్పుకోలేని పని అయితే ఫ్లాగ్ తీసేయండి. ఎంట్రీలు మామూలుగా 10 లక్షల్లో చాలా తక్కువే ఉండి, ఎప్పుడో ఒకటి పోయినా ఫర్వాలేదంటే ఉంచండి, కానీ పోయినవాటిని లెక్కపెట్టండి. పర్-సీపీయూ మ్యాప్ ఈ సమస్యకు మందు కాదు, మెమరీ ఇంకా ఎక్కువ తింటుంది. ఎరీనా వేరే అవసరానికి వచ్చింది. దాని సంగతి కింద రాశాను.

ఎందుకో అర్థమవ్వాలంటే, కెర్నెల్ లోపల నడిచే శాండ్‌బాక్స్ ప్రోగ్రాంకి మెమరీ ఇవ్వడం ఎందుకంత కష్టమో ముందు చూడాలి.

మామూలు కెర్నెల్ కోడ్ జీఎఫ్‌పీ_కెర్నెల్ అని అడిగితే, ఖాళీ లేనప్పుడు అలొకేటర్ (మెమరీ పంచే కెర్నెల్ భాగం) ఆ టాస్క్‌ని నిద్రపుచ్చి, పాత పేజీలు ఖాళీ చేసి, తర్వాత ఇస్తుంది. ఈబీపీఎఫ్ ప్రోగ్రాం ఎక్కువసార్లు నిద్రపోలేని చోట నడుస్తుంది. సరే, నిద్రపోకుండా ఇవ్వమని జీఎఫ్‌పీ_అటామిక్ అడుగుదామంటే అక్కడ ఇంకో చిక్కు. అటామిక్ అయినా అలొకేటర్ తన లోపలి లాకులు పట్టుకుంటుంది. ఈబీపీఎఫ్ ప్రోగ్రాంని కేప్రోబ్‌గా (ఒక కెర్నెల్ ఫంక్షన్ నడిచినప్పుడల్లా లేచేలా) కేమాలాక్ అనే మెమరీ ఇచ్చే పిలుపు లోపలి ఫంక్షన్‌కే తగిలించవచ్చు. స్లాబ్ (కేమాలాక్ వెనక ఉండి చిన్న వస్తువులకు మెమరీ ఇచ్చే అలొకేటర్) లాక్ పట్టుకుని ఉన్న క్షణంలో ఆ ప్రోగ్రాం లేచి, మళ్ళీ అదే స్లాబ్‌ని మెమరీ అడిగితే, అదే సీపీయూ తాను పట్టుకున్న లాక్ కోసం తానే ఎదురుచూస్తుంది. మిషన్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. పెర్ఫ్ ఈవెంట్‌కి (పనితీరు కొలిచే సంకేతానికి) తగిలించిన ప్రోగ్రాం ఎన్ఎంఐలో, అంటే ఆపడానికి వీల్లేని ఇంటరప్టులో, నడవగలదు కాబట్టి అది ఇంటరప్టులు ఆపిన చోటులోకి కూడా దూరగలదు. ప్రోగ్రాం రాసేవాడికి తాను ఏ లాక్ కింద నడుస్తున్నాడో తెలియదు. ప్రోగ్రాంని లోడ్ చేసేముందు పరీక్షించే వెరిఫయర్‌కి కూడా తెలియదు.

కాబట్టి దాహం వేసినప్పుడు బావి తవ్వే పద్ధతి ఇక్కడ కుదరదు. నీళ్ళు ముందే తెచ్చి పెట్టుకోవాలి. ఈబీపీఎఫ్‌లో ఉన్న కేటాయింపు పద్ధతులన్నిటిలోనూ అసలు తేడా ఒక్కటే: ఆ నీళ్ళు ఎప్పుడు తెస్తారు, ఎంత తెస్తారు. మ్యాప్ తయారైనప్పుడే మొత్తం తేవచ్చు. కొద్దికొద్దిగా బిందెల్లో నింపుతూ ఉండవచ్చు. నిద్రపోగల చోట తెచ్చి, నిద్రపోలేని చోట వాడుకోవచ్చు.

ముందే మొత్తం కేటాయించడం

2016లో వచ్చిన 4.6 కెర్నెల్ నుంచి హ్యాష్ మ్యాప్‌కి ఇదే మామూలు పద్ధతి. మ్యాప్ తయారుచేసే సిస్టమ్ కాల్ మామూలు ప్రాసెస్ నుంచి వస్తుంది కాబట్టి అక్కడ నిద్రపోవచ్చు. అప్పుడే అన్ని ఎంట్రీలకూ సరిపడా ఒకే పెద్ద ప్రాంతం తీసుకుంటారు. 32 కేబీ లోపైతే ముందు కేమాలాక్‌ని అడిగి చూస్తుంది, మించితే నేరుగా వీమాలాక్ (విడి పేజీలను కలిపి పెద్ద ప్రాంతంగా ఇచ్చేది). ఆ ఎంట్రీలను సీపీయూలకు పంచి, ఒక్కో సీపీయూకి ఒక ఖాళీల జాబితా కడతారు. ప్రోగ్రాం కొత్త ఎంట్రీ వేయమంటే ఆ జాబితా తల నుంచి ఒకటి తీస్తారు. తన జాబితా అయిపోతే పక్క సీపీయూల జాబితాల్లో వెతుకుతుంది. అలొకేటర్ జోలికే వెళ్ళదు.

మీ లెక్క వేద్దాం. ఎక్స్86-64 మీద హ్యాష్ ఎంట్రీకి తలభాగం 48 బైట్లు. కీని, వాల్యూని వేర్వేరుగా 8 గుణిజానికి పెంచుతారు. మీకు 48 + 16 + 32 = 96 బైట్లు. 10 లక్షలకు 9.6 కోట్ల బైట్లు, అంటే సుమారు 92 ఎంబీ. ఉన్న ఎంట్రీనే మార్చేటప్పుడు కొత్తది పెట్టి పాతది తీయడానికి సీపీయూకి ఒకటి చొప్పున అదనపు ఎంట్రీలు ఉంటాయి, అది లెక్కలోకి రానంత చిన్నది. దీనికి బకెట్లు కలపాలి. గరిష్ఠ ఎంట్రీల సంఖ్యను రెండు ఘాతానికి పెంచి అన్ని బకెట్లు పెడతారు, బకెట్‌కి 16 బైట్లు. 10 లక్షలకు 10,48,576 బకెట్లు, 16 ఎంబీ. మొత్తం 108 ఎంబీ దగ్గర.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, "కొంచెం ఎక్కువే పెడదాం" అని గరిష్ఠాన్ని 11 లక్షలు చేయడం. 10,48,576 దాటిన మరుక్షణం బకెట్లు 20,97,152 అవుతాయి, అంటే బకెట్లకే 32 ఎంబీ. రెండు ఘాతం అంచుకి ఇవతలే ఆగండి. బకెట్లు ఎప్పుడూ మ్యాప్ తయారైనప్పుడే వస్తాయి. నో_ప్రీఅలాక్ పెట్టినా ఆ 16 ఎంబీ తప్పదు.

ఈ పద్ధతిలో నాకు నచ్చే గుణం ఒకటుంది: మెమరీ చాలకపోతే మ్యాప్ తయారీ దగ్గరే, ప్రాసెస్ మొదలయ్యేటప్పుడే, కళ్ళముందు తెలిసిపోతుంది. అర్ధరాత్రి ట్రాఫిక్ పెరిగినప్పుడు ఎవరికీ తెలియకుండా ఎంట్రీలు పోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

అప్పటికప్పుడు కేటాయించడం, -12 పుట్టే చోటు

6.1కి ముందు నో_ప్రీఅలాక్ అంటే నేరుగా కేమాలాక్ పిలుపే. అందుకే 5.x కెర్నెళ్ళలో పెర్ఫ్ ఈవెంట్ ప్రోగ్రాంకి అలాంటి మ్యాప్‌ని వెరిఫయర్ ఒప్పుకునేది కాదు, మిగతా ట్రేసింగ్ ప్రోగ్రాంలకు హెచ్చరిక ఇచ్చేది. ఇప్పటికీ 5.10, 5.15 మీద నడిపేవాళ్ళు ట్రేసింగ్‌లో ఆ ఫ్లాగ్ వాడకండి, హెచ్చరిక మాత్రమే కదా అనుకోకండి.

2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1లో అలెక్సీ స్టారోవోయిటోవ్ రాసిన బీపీఎఫ్ సొంత అలొకేటర్ చేరింది. కెర్నెల్ సోర్స్‌లో కెర్నెల్/బీపీఎఫ్ కింద మెమ్‌అలాక్ ఫైల్ తెరిస్తే వెయ్యి పంక్తుల దగ్గరే ఉంటుంది, చదవదగ్గ కోడ్. పని ఇలా సాగుతుంది. ఒక్కో సీపీయూకి ఒక బిందె, అంటే ఖాళీ వస్తువుల జాబితా. ప్రోగ్రాం అడిగితే ఇంటరప్టులు ఆపి, ఈ బిందె ఇప్పటికే ఎవరైనా వాడుతున్నారా అని ఒక కౌంటర్ చూసి, ఒకటి తీసి ఇస్తుంది. మధ్యలో ఎన్ఎంఐ దూరి అడిగితే ఆ కౌంటర్ వల్ల పట్టుబడి, దానికి శూన్యం (నల్ పాయింటర్) దక్కుతుంది. ఎన్ఎంఐలో విడుదల చేస్తే ఆ వస్తువు వేరే పక్క జాబితాలోకి వెళ్తుంది.

బిందెలో 256 బైట్ల లోపు వస్తువులైతే కింది గీత 32, పై గీత 96. 32 కన్నా తగ్గగానే ఐఆర్‌క్యూ_వర్క్ (ఇంటరప్టులో చేయడానికి వాయిదా వేసే పని) ద్వారా "నింపండి" అని కబురు పంపుతుంది. ఒక విడతలో 48 నింపుతారు. 96 దాటితే ఎక్కువైనవి వెనక్కి పంపుతారు. పెద్ద వస్తువులకు ఈ గీతలు దామాషాలో తగ్గుతాయి. 4096 బైట్లకు కింది గీత 2, పై గీత 6 మాత్రమే.

ఇప్పుడు మీ -12 సంగతి. ఈ ఏర్పాటులో బిందె ఎండిపోయే దారులు మూడు.

మొదటిది, ఇంటరప్టులు ఆపిన చోట వరసగా ఎక్కువ ఎంట్రీలు వేయడం. కబురు వెళ్ళింది, కానీ ఇంటరప్టులు మళ్ళీ తెరిచేదాకా నింపే పని మొదలవ్వదు. ఈలోగా బిందెలో ఉన్నవి అయిపోతే -12. అంతకన్నా తెలియాల్సింది: మ్యాప్ తయారైన వెంటనే బిందెలో 32 ఉండవు. మెమరీ వృథా కాకూడదని 256 బైట్ల లోపువాటికి 4, అంతకు మించినవాటికి 1 మాత్రమే మొదట పెడతారు. అంటే ప్రోగ్రాం తగిలించిన తొలి క్షణాల్లో ఇంటరప్టులు ఆపి ఉండగా అయిదో కొత్త ఎంట్రీకే వైఫల్యం రావచ్చు. ఏజెంట్ (ప్రోగ్రాంని తగిలించి నడిపే ప్రాసెస్) రీస్టార్ట్ అయిన వెంటనే -12లు గుంపుగా వచ్చి తర్వాత ఆగిపోతే ఇదే కారణం అనుకోండి. ప్రీఎంప్ట్_ఆర్‌టీ (రియల్‌టైమ్) కెర్నెల్‌లో ఈ నింపే పని ఒక త్రెడ్‌లో జరుగుతుంది కాబట్టి ఇంకా ఆలస్యం.

రెండోది, సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకి కెర్నెల్ పెట్టే వనరుల ఖాతా) పరిమితి. 20 జీబీ ఖాళీ అని చెప్పారు కదా, అది మిషన్ ఖాళీ. నింపే పని ఖర్చును మ్యాప్ తయారుచేసిన ప్రాసెస్ సీగ్రూప్ ఖాతాలో రాస్తారు. ఆ సీగ్రూప్‌కి 512 ఎంబీ పరిమితి పెట్టి ఉంటే, అది నిండాక మిషన్‌లో ఎంత ఉన్నా దొరకదు. పైగా అడిగేది జీఎఫ్‌పీ_నోవెయిట్‌తో, అంటే "ఆగను, ఉంటే ఇవ్వు". ఏ పేజీ ఖాళీ చేయించే ప్రయత్నమూ చేయదు. ఓఓఎం (మెమరీ చాలక ప్రాసెస్‌ని చంపడం) కూడా రాదు, లాగ్‌లో ఒక్క ముక్క పడదు. మీ వర్ణన బట్టి నా అనుమానం ఎక్కువగా దీని మీదే. ఆ సీగ్రూప్‌లో మెమరీ.కరెంట్‌ని మెమరీ.మ్యాక్స్‌తో పోల్చి చూడండి. రెండూ దగ్గరగా ఉంటే దొంగ దొరికినట్టే.

మూడోది, ఎన్ఎంఐ దూరిన సందర్భం. ఇది అరుదు. ఎన్ఎంఐలో నడిచే ప్రోగ్రాంలు లేకపోతే దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఈ 32, 96 అంకెలు బయటి నుంచి మార్చే వీలు లేదు, సిస్‌కంట్రోల్ ఏమీ లేదు. అందుకే మొదటి కారణమే మీదైతే ఫ్లాగ్ తీసేయడం తప్ప దారి లేదు.

అప్‌డేట్ ఇచ్చే అంకె ఏమిటో కచ్చితంగా చదవండి, ఒక్కోటి ఒక్కో మాట చెబుతుంది. -7 అంటే మ్యాప్ నిండింది, గరిష్ఠం చాలలేదు, మెమరీతో సంబంధం లేదు. -12 అంటే గరిష్ఠానికి ఇంకా చోటుంది, కానీ వస్తువు దొరకలేదు. -16 అంటే అదే సీపీయూ మీద అదే బకెట్ లాక్ పట్టుకుని ఉండగా మళ్ళీ వచ్చారు, ఉదాహరణకు మ్యాప్ అప్‌డేట్ లోపలి ఫంక్షన్‌కే ప్రోబ్ తగిలించినప్పుడు. చాలా ప్రోగ్రాంలు ఈ తిరిగొచ్చే విలువను చూడనే చూడవు. దయచేసి చూడండి. ఒక ఎంట్రీ ఉన్న పర్-సీపీయూ అర్రే పెట్టి, మూడు అంకెలకు మూడు కౌంటర్లు పెంచితే చాలు. అర్రే ఎప్పుడూ ముందే కేటాయించి ఉంటుంది కాబట్టి ఆ కౌంటర్ పెంచడం విఫలం కాదు.

"ఆదా" నిజంగా ఎంత

నో_ప్రీఅలాక్‌లో మీ 96 బైట్ల ఎంట్రీకి అలొకేటర్ తన జాబితా కోసం ముందు 8 బైట్లు చేరుస్తుంది. 104 అయింది. కేమాలాక్‌లో 96 తర్వాత ఉండే సైజు 128. అంటే ఎంట్రీకి 24 బైట్లు గాలికి పోతున్నాయి. దీనిపైన, ఈ వస్తువు ఎవరి ఖాతాదో గుర్తుంచుకోవడానికి స్లాబ్ ఒక్కోదానికి 8 బైట్ల పాయింటర్ పెడుతుంది. మొత్తం 136. ముందే కేటాయించినప్పుడు 96. కాబట్టి 7 లక్షల ఎంట్రీలు దాటాక నో_ప్రీఅలాక్ మీకు ఆదా కాదు, నష్టం. 10 లక్షలు నిండితే 130 ఎంబీ, బకెట్లు కలిపి 146 ఎంబీ దగ్గర. అదే 50 వేల ఎంట్రీలు మాత్రమే ఉండే మిషన్లయితే ఎంట్రీలకు 7 ఎంబీ లోపు, అక్కడ ఈ ఫ్లాగ్ నిజంగా పనికొస్తుంది.

మీ వాల్యూ స్ట్రక్చర్‌లో 8 బైట్లు తగ్గించగలరా చూడండి. రెండు 64-బిట్ కౌంటర్లలో ప్యాకెట్ల కౌంటర్‌ని 32 బిట్లకు దించడం, నాలుగు బైట్ల ప్యాడింగ్‌ని మరో ఫీల్డ్‌తో నింపడం లాంటివి. వాల్యూ 24 బైట్లైతే ఎంట్రీ 88, 8 కలిపితే సరిగ్గా 96, కేమాలాక్-96లో కుదురుకుంటుంది. ఒక్క ఫీల్డ్ సర్దితే ఎంట్రీకి 32 బైట్లు మిగిలినట్టు. ప్యాడింగ్ ఎక్కడ ఉందో పహోల్ అనే పనిముట్టు చూపిస్తుంది.

ఇంకోటి: డిలీట్ చేసిన మెమరీ అంతా వెంటనే మిషన్‌కి తిరిగి వెళ్ళదు. 4 కేబీ పేజీలో 128 బైట్ల వస్తువులు 32 పడతాయి. అందులో 31 పోయి ఒక్కటి బతికున్నా పేజీ అలాగే ఉంటుంది. ట్రాఫిక్ ఒకసారి 8 లక్షలకు వెళ్ళి లక్షకు తగ్గినా వాడకం అదే దామాషాలో దిగదు.

పర్-సీపీయూ మ్యాప్‌ని ఎందుకు వద్దన్నాను

పర్-సీపీయూ హ్యాష్‌లో ప్రతి ఎంట్రీకి సీపీయూకి ఒక వాల్యూ ప్రతి ఉంటుంది. లాక్ లేకుండా కౌంటర్ పెంచుకోవచ్చు, అది మంచిదే. కానీ ఆ ప్రతులు ఇప్పుడు నడుస్తున్న సీపీయూలకు కాదు, రావడానికి వీలున్న సీపీయూలన్నిటికీ. వర్చువల్ మిషన్లలో ఇది కొంప ముంచుతుంది. 4 సీపీయూలున్న మిషన్‌లో హైపర్‌వైజర్ తర్వాత చేర్చుకోవచ్చని 128కి చోటు చూపించి ఉండవచ్చు. 10 వేల ఎంట్రీలు, 64 బైట్ల వాల్యూ అనుకుంటే, 4 సీపీయూలకు 25.6 లక్షల బైట్లు, 128కి 8.19 కోట్ల బైట్లు. రెండున్నర ఎంబీ అనుకున్నది 78 ఎంబీ. మీ 10 లక్షల ఎంట్రీలకు 32 బైట్ల చొప్పున 128 సీపీయూలైతే 4 జీబీ దగ్గర.

సిస్ ఫైల్ వ్యవస్థలో డివైసెస్, సిస్టమ్, సీపీయూ కింద పాజిబుల్ అనే ఫైల్ చదవండి. అక్కడ 0-127 అని, పక్కనే ఆన్‌లైన్ ఫైల్‌లో 0-3 అని కనిపిస్తే బూట్ లైన్‌లో పాజిబుల్_సీపీయూస్ విలువ తగ్గించవచ్చు. అప్పుడు సీపీయూలను నడుస్తుండగా చేర్చే వీలు అంతవరకే ఉంటుంది.

ఎల్ఆర్‌యూ హ్యాష్ (చాలాసేపు వాడని ఎంట్రీని ముందు తోసేసే మ్యాప్) గురించి అడగలేదు గానీ, కనెక్షన్ల లెక్కకు చాలామంది అటు వెళ్తారు కాబట్టి ఒక మాట. అది ఎప్పుడూ ముందే కేటాయింపే, నో_ప్రీఅలాక్ ఒప్పుకోదు. నిండితే పాతది తోసేసి చోటిస్తుంది. ఒక్కో సీపీయూ ఉమ్మడి కుప్ప నుంచి ఒకేసారి 128 ఖాళీలు తీసి తన దగ్గర పెట్టుకుంటుంది. మ్యాప్ వెయ్యి ఎంట్రీలదై, సీపీయూలు 32 ఉంటే, మ్యాప్ నిండకముందే బతికున్న ఎంట్రీలు పోవడం మొదలవుతుంది. సీపీయూల సంఖ్యను 128తో గుణించి, దానికి కొన్ని రెట్లు గరిష్ఠం పెట్టడం క్షేమం.

పద్ధతి ఏదైనా కాటేసే తప్పు

ఇది -12 కన్నా ప్రమాదం, ఎందుకంటే ఏ అంకే రాదు. 0వ సీపీయూ మీద ప్రోగ్రాం కీ-అ కోసం వెతికి వాల్యూ పాయింటర్ పట్టుకుంది. అదే క్షణంలో 3వ సీపీయూ కీ-అని డిలీట్ చేసింది. ఆ ఎంట్రీ 3వ సీపీయూ ఖాళీల జాబితా తలకు చేరింది. వెంటనే 3వ సీపీయూ కీ-ఇ వేసింది. జాబితా తల నుంచే తీస్తారు కాబట్టి అదే ఎంట్రీ దక్కింది. ఇప్పుడు 0వ సీపీయూ తన చేతిలో ఉన్న పాయింటర్‌తో కౌంటర్ పెంచింది. కీ-అ బైట్లు కీ-ఇ ఖాతాలో పడ్డాయి.

ఆర్‌సీయూ (చదివేవాళ్ళు ఉన్నంతసేపు మెమరీ విడుదలను ఆపే ఏర్పాటు) ఉంది కదా అంటారు. ఆర్‌సీయూ ఇక్కడ కాపాడేది ఒకటే: ఆ మెమరీ స్లాబ్‌కి తిరిగి వెళ్ళి కెర్నెల్‌లో వేరేవాళ్ళ వస్తువుగా మారకుండా. అదే మ్యాప్‌లో మరో ఎంట్రీగా మారడాన్ని ఆపదు. ముందే కేటాయించిన మ్యాప్‌లోనూ, బీపీఎఫ్ అలొకేటర్ మ్యాప్‌లోనూ ఇదే తీరు. కెర్నెల్ భద్రతకు లోటు లేదు, మీ లెక్కకు లోటుంది. వేడి దారిలో (ప్రతి ప్యాకెట్‌కీ నడిచే కోడ్‌లో) డిలీట్ చేయకుండా, వాల్యూలో "ముగిసింది" అని గుర్తు పెట్టి, యూజర్ స్పేస్ (కెర్నెల్ బయట నడిచే) ప్రాసెస్ కొన్ని సెకన్ల తర్వాత ఊడ్చేసేలా చేయండి. కనెక్షన్ మూసుకున్నాక అన్ని సెకన్లు ఏ సీపీయూ పాత పాయింటర్ పట్టుకుని ఉండదు.

ఇంకా మెరుగైన దారి, కనెక్షన్‌కి సాకెట్ అందుబాటులో ఉంటే సాకెట్ స్టోరేజ్ మ్యాప్. డేటా సాకెట్‌కే అంటుకుని ఉంటుంది, సాకెట్ పోతే తనంతట తానే పోతుంది. గరిష్ఠం ఊహించే పనే లేదు, డిలీట్ రాసే పనీ లేదు. టాస్కులకు టాస్క్ స్టోరేజ్ కూడా ఇలాగే ఉంటుంది. వీటికి నో_ప్రీఅలాక్ తప్పనిసరి, కాబట్టి అక్కడా శూన్యం వస్తే ఏం చేయాలో రాసుకోవాలి.

మ్యాప్ కాని మెమరీ

స్టాక్ 512 బైట్లే. అది చాలక, ఒకే ఎంట్రీ ఉన్న పర్-సీపీయూ అర్రేని చిత్తు కాగితంలా వాడటం పాత అలవాటు, బాగానే పనిచేస్తుంది. అయితే అదే అర్రేని రెండు ప్రోగ్రాంలకు పంచకండి. ఇప్పటి కెర్నెళ్ళలో చాలా రకాల ప్రోగ్రాంలు వేరే సీపీయూకి మారకుండా మాత్రమే ఉంటాయి. వాటిని మధ్యలో ఆపి అదే సీపీయూ మీద ఇంకోటి నడవగలదు. సగం రాసిన చిత్తు మీద అది రాసేస్తుంది.

6.2 నుంచి బీపీఎఫ్_ఆబ్జ్_న్యూతో ప్రోగ్రామే వస్తువు పుట్టించి లింక్డ్ లిస్ట్‌లో, 6.3 నుంచి ఆర్‌బీ ట్రీలో పెట్టుకోవచ్చు. దీని వెనక ఉన్నది పైన చెప్పిన అలొకేటరే. 16 నుంచి 4096 దాకా 11 సైజుల బిందెలు, మొత్తం కెర్నెల్‌కి ఉమ్మడిగా. వదిలేయడం మరిచిపోతే వెరిఫయర్ లోడే చేయనివ్వదు. శూన్యమా కాదా చూడకపోయినా అంతే.

ఎరీనా 2024 మేలో 6.9తో వచ్చింది. గరిష్ఠంగా 4 జీబీ చిరునామా ప్రాంతం. పేజీలు అడిగినప్పుడే వస్తాయి. ప్రోగ్రాం, యూజర్ స్పేస్ ఒకే పాయింటర్లతో పంచుకుంటాయి. జిట్ (ప్రోగ్రాంని మెషిన్ కోడ్‌గా మార్చేది) ప్రతి లోడ్, స్టోర్‌లో పాయింటర్ కింది 32 బిట్లే తీసుకుని ఎరీనా మొదలుకి కలుపుతుంది. అందువల్ల పాయింటర్‌లో ఏ చెత్త ఉన్నా 4 జీబీ బయటికి పోలేదు. ఇన్‌స్ట్రక్షన్‌లో ఉండే 16 బిట్ల ఆఫ్‌సెట్ వల్ల అంచు దాటకుండా మొత్తం 64 కేబీ కాపలా ప్రాంతం పెట్టారు. శాండ్‌బాక్స్‌కి ఇంత తేలికైన గోడ కట్టడం నిజంగా ముచ్చటైన పని.

మీరు 6.8లో ఉన్నారు కాబట్టి ఇప్పటికి అందదు. అప్‌గ్రేడ్ చేసినా కనెక్షన్ల హ్యాష్ కోసం దీన్ని ఎంచుకోవద్దంటాను. మొదట్లో పేజీలు అడిగే పిలుపు నిద్రపోగల ప్రోగ్రాంల నుంచే ఒప్పుకునేవారు. ప్యాకెట్ దారిలోని ప్రోగ్రాంకి అది కుదరదు. సిస్టమ్ కాల్ రకం ప్రోగ్రాంతోనో, యూజర్ స్పేస్ నుంచి పేజీలు తాకించో ముందే తెచ్చిపెట్టాలి. పైగా హ్యాష్, లాకులు, విడుదల అన్నీ మీరే రాసుకోవాలి. పేజీ లేని చోట చదివితే 0 వస్తుంది, రాస్తే ఆ రాత మౌనంగా పోతుంది. కెర్నెల్ కూలదు, కానీ డేటా ఎందుకు మాయమైందో వెతుక్కోవడానికి రోజులు పడుతుంది. గ్రాఫులు, పెద్ద పట్టికలు, యూజర్ స్పేస్‌తో కలిసి కట్టే నిర్మాణాలకు ఎరీనా బాగు.

ఖర్చు ఎవరి ఖాతాలో

5.11కి ముందు మ్యాపుల మెమరీని మెమ్‌లాక్ రిసోర్స్ పరిమితితో కొలిచేవారు. అది మామూలుగా 64 కేబీ ఉండేది, చాలకపోతే మెమరీ లేదని కాకుండా అనుమతి లేదని, అంటే -1 వచ్చేది. రూట్‌గా నడిపినా అనుమతి లేదంటోందని పాత కెర్నెళ్ళ మీద ఇప్పటికీ అడుగుతుంటారు, జవాబు ఇదే. 5.11 నుంచి మెమరీ సీగ్రూప్ ఖాతా.

కంటైనర్లను నడిపే కుబెర్నెటీస్‌లో దీని పర్యవసానం చూసుకోండి. మ్యాప్ తయారుచేసేది ఏజెంట్ పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల గుంపు), కాబట్టి ఏ కంటైనర్ ట్రాఫిక్ వల్ల ఎంట్రీ పుట్టినా ఖర్చు ఏజెంట్‌దే. ఏజెంట్ పరిమితి నిర్ణయించేటప్పుడు మ్యాపుల గరిష్ఠాన్ని కలపాలి. మ్యాప్‌ని బీపీఎఫ్ ఫైల్ వ్యవస్థలో పిన్ చేసి (ప్రాసెస్ పోయినా నిలిచేలా పెట్టి) ఉంటే, పాడ్ పోయి కొత్తది వచ్చినా ఆ మెమరీ పాత సీగ్రూప్ పైనున్న తల్లి సీగ్రూప్ ఖాతాకు చేరుతుంది. కొత్త పాడ్ గ్రాఫ్‌లో వాడకం తక్కువగా కనిపిస్తే లీక్ తగ్గిందని సంబరపడకండి.

ప్రోగ్రాం కోడ్‌కీ మెమరీ కావాలి. ఇదివరకు ఎంత చిన్న ప్రోగ్రాం అయినా కనీసం 4 కేబీ పేజీ ఒకటి తినేది. 5.18లో సాంగ్ లియూ తెచ్చిన ప్యాక్ పద్ధతిలో చాలా ప్రోగ్రాంలు పెద్ద ప్రాంతంలో 64 బైట్ల ముక్కల లెక్కన పక్కపక్కనే కూర్చుంటాయి. దీనికి నెట్.కోర్ కింద బీపీఎఫ్_జిట్_లిమిట్ అనే వేరే పరిమితి ఉంది. కంటైనర్లు ఎక్కువ నడిచే మిషన్‌లో సెక్‌కాంప్ ఫిల్టర్లు (సిస్టమ్ కాల్స్‌ని వడపోసేవి) కూడా లోపల ఈబీపీఎఫ్‌గా మారి దీన్నే తింటాయి. కంటైనర్ మొదలవ్వకుండా సెక్‌కాంప్ దగ్గర 524 అనే అంకె కనిపిస్తే ముందు ఆ పరిమితి చూడండి.

మీ మిషన్ మీద ఇప్పుడు చేయాల్సింది ఈ వరసలో చేయండి. మొదట కౌంటర్లు పెట్టి -12, -7 విడదీయండి. తర్వాత ఏజెంట్ సీగ్రూప్ మెమరీ.కరెంట్, మెమరీ.మ్యాక్స్ పోల్చండి. పరిమితే కారణమైతే దాన్ని కనీసం 150 ఎంబీ పెంచి ఒక రోజు చూడండి. అది కాకపోతే వాల్యూని 24 బైట్లకు దించి, ఫ్లాగ్ తీసేసి, 10 లక్షల గరిష్ఠంతోనే నడపండి. అప్పుడు ఎంట్రీకి 88 బైట్లు, మొత్తం 100 ఎంబీ దగ్గర, అదీ మొదటి నుంచి చివరిదాకా కదలని అంకె. బీపీఎఫ్‌టూల్ మ్యాప్ షో అనే కమాండ్ ఇచ్చే మెమ్‌లాక్ అంకె 6.4 నుంచి నిజానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మీ 6.8లో దాన్ని నమ్మవచ్చు. ముందే కేటాయించినది సీగ్రూప్ మెమరీ.స్టాట్‌లో వీమాలాక్ వరసలోనూ, అప్పటికప్పుడు కేటాయించినది స్లాబ్ వరసలోనూ, పర్-సీపీయూ ప్రతులు పర్‌సీపీయూ వరసలోనూ కనిపిస్తాయి. ఫ్లాగ్ మార్చిన తర్వాత స్లాబ్ తగ్గి వీమాలాక్ పెరిగిందో లేదో అక్కడ చూసుకోండి.